ఎనిమిది చేతుల వాకిలి

లాగ్ 1

వాకిలి సర్వర్ ఇవాళ మళ్ళీ అబద్ధం చెప్పింది.

శంకరమ్మ బయట జొన్నచేలో ఉంది. అందరి ఫోన్లలో కనిపించే ఊరి పేజీలో మాత్రం ఆమె పేరు పక్కన "లోపల" అని ఉంది. పని ముగించుకుని వచ్చి ఫోన్ నొక్కితే తలుపు కదల్లేదు. లోపల ఉన్న మనిషికి తలుపు తెరవడం దేనికి? సర్వర్ లెక్కలో సర్వర్ చేసింది సబబే. ఈలోగా ఎండ ముదిరింది. వెనక వచ్చినవాళ్లు ముందు లోపలికొచ్చి కేక పెట్టారు. నేను పరుగెత్తుకెళ్లి ఆమె పేరు చేత్తో సరిచేసేసరికి, రేకు తలుపును బాదీ బాదీ శంకరమ్మ అరచేతులు బొబ్బలెక్కిపోయాయి.

కట్టు కట్టించుకుంటూ నన్నే చూసింది. "నేను లోపల్నే ఉన్ననట గదా పిల్లా. లోపలున్నదాని చేతులు ఎట్ల కాలినయే మరి?"



బొగ్గంతా తవ్వేసి వదిలేసిన గనిలో కట్టుకున్న ఊరు మాది. లోనూరు. పొద్దెక్కితే పైన మనిషి నిలవలేడు. తెల్లవారుతూనే వెళ్లి చేలు చూసుకుని, సోలార్ పలకల దుమ్ము తుడిచి, ఎండ పడకముందే దిగిపోవాలి. సాయంత్రం మళ్ళీ కాసేపు. ఎవరు పోవాలన్నా రావాలన్నా వాకిలి సర్వరే తలుపు తీయాలి. దాన్ని చూసుకునేది నేను. దాని లోపల ఏముందో ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. నన్ను ఇక్కడ కట్టేసింది కూడా అదే.

దూరాన ఎత్తైన మెట్ట మీది కాలేజీ నాకు ఉద్యోగం ఇస్తానంది. మూడేళ్లు వాళ్ల పాఠాలు ఇక్కడి మూడో సొరంగంలో తెర ముందు కూర్చుని చదివాను. ఆ కాలేజీ వరండాలో గాలి ఎటునుంచి వస్తుందో నాకు తెలియదు. మెట్ట బండి ఈ ఎండాకాలం చివర్లో వస్తుంది. ఊరిపెద్ద ఓదెలు బాపు దగ్గరికి వెళ్లి, నేను వెళ్తానని మరోసారి చెప్పాను.

"పో బిడ్డా. నేను అడ్డం రాను. వాకిలి మంచిగ చేసి పో," అన్నాడు.

"చెయ్యలేకపోతే?"

"నువ్వు చెయ్యలేనిది నువ్వు పోయినంక ఎవలు చేస్తరు? నువ్వే చెప్పు."

అడ్డం రానన్న మనిషి నా దారికి అడ్డంగా పెట్టిన ప్రశ్న అది.

లాగ్ 2

జబ్బు కొత్త యంత్రంతో మొదలైంది. అంతవరకూ తెలుస్తూనే ఉంది.

పాత యంత్రం ఒంటిచేతిది. ఒకరి నొక్కు చూసి, తలుపు తీసి, పేరు రాసి, ఆ తర్వాతే రెండోవాళ్ల వైపు తిరిగేది. జనం విసుక్కునేవారు. కిందటి బండిలో మెట్టవాళ్లు పంపిన కొత్తది ఒకేసారి ఎనిమిది పనులు చేస్తుంది. ఎనిమిది థ్రెడ్‌లు. ఓదెలు బాపుకి చెప్పేటప్పుడు ఎనిమిది చేతులు అన్నాను, అప్పటినుంచి ఊరంతా అదే మాట. ప్రోగ్రాం మాత్రం పాతదే. ఒంటిచేతి రోజుల్లో రాసింది.

పొద్దంతా పరీక్ష చేశాను. నా పేరుతో నొక్కాను. శంకరమ్మ పేరుతో నొక్కాను. పోయాను, వచ్చాను, పోయాను, వచ్చాను. కుర్చీలోంచి కదలకుండా వందలసార్లు ఊరు దాటాను. ఒక్కసారి కూడా తప్పు రాలేదు.

"నా దగ్గర మంచిగనే పనిచేస్తున్నది బాపూ," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఒకపాలి ప్లగ్గు తీసి పెట్టరాదే," అన్నాడాయన. ఫ్యాను తిరక్కపోయినా, పంపు మొరాయించినా, చివరికి తనకు పంటి నొప్పి వచ్చినా ఓదెలు బాపు వైద్యం అదే. ఆపి మళ్ళీ మొదలుపెట్టడం.

"అందరు లోపల ఉన్నప్పుడు తీస్తే ఏం కాదు. బయట మనుషులు ఉండంగ తీస్తే, ఎవలు బయట ఉన్నరో దానికి యాదికుండది. అందరు లోపలే అనుకుంటది. ఇగ ఒక్కలకు తలుపు తియ్యది. ముట్టుకోవద్దు," అన్నాను.

ఆయన తల ఊపాడు. వినిపించుకున్నట్టు అనిపించలేదు.

లాగ్ 3

ఇవాళ మరో ఇద్దరు. ఒకాయన బయట ఉండగా "లోపల", ఒకామె లోపల గుడ్డలు ఉతుక్కుంటుండగా "బయట". ఆమె భర్త పేజీ చూసి కంగారుపడి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తిరిగొచ్చి ఆమెను చూసి కోప్పడ్డాడు, బయట లేనందుకు.

పేజీలో ప్రతి పేరు పక్కనా మూడు మాటల్లో ఒకటి ఉంటుంది. లోపల, బయట, లేరు. పొద్దున లేవగానే ఊరు ముఖం కడుక్కోకముందే ఆ పేజీ చూస్తుంది. దాని మీద నమ్మకం పోతే ఎవరూ చేలకు పోరు. చేలకు పోకపోతే ఏం తింటాం?

కుర్చీలో కూర్చుని తేల్చలేనని అర్థమైంది. తలుపు దగ్గర నిలబడి చూడాలి. బయటికి వెళ్లి.

ఒక్కదాన్నే వెళ్లడానికి లేదు. లోనూరులో బయటికి పోయేది జోడిగానే. అసలు తలుపుగదిలో ఇద్దరే పడతారు, మూడోవాళ్లు ఇరుక్కుంటే ఊపిరాడదు. బయటికి అడుగు పెట్టగానే నీ ఫోన్ జోడి చేతికి ఇవ్వాలి, జోడి ఫోన్ నువ్వు తీసుకోవాలి. తిరిగొచ్చినప్పుడు నీ కోసం జోడి నొక్కాలి, జోడి కోసం నువ్వు నొక్కాలి. ఒకరిని వదిలేసి ఒకరు రాకూడదని పెద్దలు పెట్టిన ఆచారం. జోడి ఇక రాని పక్షంలో, వాళ్ల ఫోన్ నీ చేత్తో ఆపాలి. అప్పుడు పేజీలో వాళ్ల పేరు పక్కన "లేరు" పడుతుంది, నీ ఒక్కదానికీ తలుపు తెరుచుకుంటుంది.

నేను లోపలి పనిదాన్ని, నాకు జోడి లేదు. బయటికి పోవడం మానేసిన పెద్దవాళ్లు కాక, ఊళ్లో జోడి లేకుండా మిగిలిన మనిషి ఇంకొక్కతే ఉంది. వంటశాలలో పోసక్క.

ఎనిమిదేళ్ల కిందట పోసక్క జోడి ఆమె తమ్ముడు మొగిలి. చెప్పకుండా మెట్ట బండెక్కేశాడు. ఎండ ముదిరేదాకా చూసి చూసి పోసక్క అతని ఫోన్ ఆపి లోపలికొచ్చింది. మొగిలి మెట్ట మీద కొలిమి పెట్టుకున్నాడని తర్వాత బండివాళ్లే చెప్పారు. పేజీలో మాత్రం "లేరు". జోడిని ఆపిన చేయి అని ఆ తర్వాత పోసక్కతో ఎవరూ జోడి కట్టలేదు. అప్పటినుంచి ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

వెళ్లి అడిగితే గరిట పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నాతోటా? నీకు భయం లేదా?"

"నాకు సర్వర్ అంటే భయం అక్కా. నువ్వంటే ఎందుకు?"

"సదువుకున్నోళ్లకు భయం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వది," అంటూనే కొంగు దోపుకుంది.

లాగ్ 4

దొరికింది.

పోసక్క బయటికి రాగానే చెప్పులు విడిచింది. పొద్దింకా ఎరుపు దాటలేదు, నేల చల్లగా ఉంది. కళ్లు చికిలించి చుట్టూ చూసి, "గిదంత గింత పెద్దగున్నదా?" అంది. ఆమెను అలా వదిలి నేను తలుపు ముందు రేకుల పందిరి కింద కూర్చున్నాను.

పని ముగించి జోడీలు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఫోన్ నొక్కితే వరసలో వంతు పడుతుంది. ఎలా నొక్కుతున్నారో చూశాను. ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి ఫోన్ ఒకరి చేతిలో. ఒకరి ముఖం ఒకరు చూస్తూ, "ఒకటీ, రెండూ, ఊఁ!"

ఇద్దరూ ఒకే క్షణంలో. పోయేటప్పుడు ఎవరి ఫోన్ వాళ్లే నొక్కినా, లెక్క ఇదే.

పుట్టినప్పటినుంచి తెలిసిన సంగతే. తెలిసిందే కాబట్టి పరీక్షలో పెట్టాలని తోచలేదు. నేను సర్వర్ గదిలో ఒంటరిగా కూర్చుని ఒక్కొక్కటిగా నొక్కాను. ఊళ్లో ఏ మనిషీ అలా నొక్కదు.

ప్రోగ్రాంలో బడిపలక లాంటిది ఒక్కటే ఉంది. వచ్చినవాళ్ల పేరు దాని మీద రాసుకుని, వెళ్లి తలుపు సంగతి చూసి, తిరిగొచ్చి పలక మీది పేరు చదివి నమోదు చేస్తుంది. చేయి ఒక్కటే అయినప్పుడు పలక ఒక్కటి చాలు. ఇప్పుడు ఒక చేయి శంకరమ్మ అని రాసి అటు తిరగ్గానే, ఇంకో చేయి అది చెరిపి ఆమె జోడి లస్మయ్య పేరు రాస్తోంది. రెండు చేతులూ తిరిగొచ్చి లస్మయ్య అనే చదువుతున్నాయి. లస్మయ్య రెండుసార్లు బయటికి వెళ్లాడు, శంకరమ్మ అసలు వెళ్లనే లేదు.

ఎగిరి గంతేయాలనిపించింది. పోసక్కకు చెప్పాను. ఆమె అంతా విని, "అంటే మీ యంత్రానికి జోడి అంటే తెల్వదు," అంది.

లాగ్ 5

మధ్యాహ్నం అందరూ లోపల ఉన్నప్పుడు కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ప్రతి చేతికీ సొంత పలక. ప్రతి పేరుకీ ఒక తాళం. ఎవరి ఫోన్ మీద నొక్కు వస్తే వాళ్ల తాళం తీసుకోవాలి, తర్వాత వాళ్ల జోడి తాళం తీసుకోవాలి, రెండూ చేతిలో ఉంటేనే రాయాలి. ఇంకొకరు మధ్యలో చెరిపే వీలు లేదు.

వారం దాటింది, ఒక్క తప్పు లేదు. శంకరమ్మ పేజీ చూసుకుని, "ఇగ నేనెక్కడున్ననో నాకన్న దీనికే మంచిగ తెలుస్తున్నది," అంటూ నవ్వింది. ఓదెలు బాపు బండి సంగతి తనంతట తానే ఎత్తాడు. "సామాన్లు సదురుకున్నవా?" అన్నాడు. సర్దుకోవడానికి ఏముంది, రెండు జతల బట్టలు.

పోసక్క మొగిలి వదిలేసిన పొలం చెక్కను మళ్ళీ చదును చేసింది. రోజూ నాతో వస్తుంది. నేను పందిరి కింద తెర పెట్టుకుని కూర్చుంటాను, ఆమె అలసంద విత్తుతుంది. వంటశాలలో ఎవరితోనూ మాట్లాడని మనిషి చేలో తనతో తాను మాట్లాడుకుంటుంది. నేను వెళ్లిపోతే ఈమె జోడి ఎవరన్న ఆలోచన ఇవాళ మొదటిసారి వచ్చింది. పక్కన పెట్టాను.

రెండు తాళాలకూ మధ్య ఏం జరుగుతోందో చూసుకుందామని, మొదటి తాళం తీసుకోగానే ఒక వాక్యం రాసిపెట్టమని ప్రోగ్రాంకి చెప్పాను. వెళ్లేముందు అంతా కళ్లారా చూసుకోవాలి కదా.

లాగ్ 6

ఇవాళ ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఉదయం గాలి వేడిగా లేచింది. అందరూ పనులు వదిలి ఒక్కసారే తలుపు దగ్గరికి వచ్చారు. పందిరి కింద నలభై మంది. నేనూ పోసక్కా ఎదురెదురుగా నిలబడి నొక్కాం. పేజీలో చక్రం తిరుగుతూ ఉండిపోయింది. పక్కవాళ్లదీ అంతే. ఆ పక్కవాళ్లదీ అంతే.

నిన్న నేను కలిపిన వాక్యం గుర్తొచ్చింది. మొదటి తాళం తీసుకున్నాక అది రాయడానికి ప్రతి చేయీ ఒక్క రవ్వ ఆగుతోంది. ఆ రవ్వలో నా ఫోన్ మీద వచ్చిన చేయి నా తాళం పట్టుకుని పోసక్క తాళం కోసం నిలబడింది. పోసక్క ఫోన్ మీద వచ్చిన చేయి ఆమె తాళం పట్టుకుని నా తాళం కోసం నిలబడింది. ఇది వదిలితే గానీ అది కదలదు, అది వదిలితే గానీ ఇది కదలదు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు వెంట్రుకవాసి ముందు నొక్కారు కాబట్టి గడిచింది. ఇవాళ నాలుగు జోడీలు ఒకేసారి ఇరుక్కున్నాయి. ఎనిమిది చేతులూ అయిపోయాయి.

లోపలికి మాట కలుపుదామంటే అదీ సర్వర్ మీదుగానే పోవాలి. లోపలివాళ్ల పేజీ కూడా ఆగిపోయి ఉంటుంది. ఓదెలు బాపు ఏం చేస్తాడో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. లేస్తాడు. సర్వర్ గదికి నడుస్తాడు. ప్లగ్గు తీస్తాడు. ఇక మా నలభై మందిమీ శాశ్వతంగా లోపలే.

"ఏమైందే?" అంది పోసక్క.

"నేను పెట్టిన తాళాలే అక్కా. నేను లోపలికి పోతే ఇడిపిస్త. నేను పోవాలంటే నువ్వు నా ఫోన్ ఆపాలె."

ఆమె విననట్టు చూసింది.

"లేరు అనే కబురుకు ఎనిమిదీ కాక ఇంకో చెయ్యి ఉన్నది. అది ఇరుక్కోలేదు. అది నా పేరు మీది పనులన్ని కొట్టేస్తది. నా తాళం ఇడుస్తది. నీకు తలుపు తెరుస్తది. నేను నీ ఎంబడి అస్త."

"వద్దే పోసక్కా," అన్నారెవరో వెనకనుంచి. "బతికున్నదాన్ని ఆపుతవా?"

"నువ్వు ఊకో, నా కాళ్లు కాలుతున్నయి," అన్నాడు లస్మయ్య. "ఆపు పోసక్కా, మొక్కుత."

పోసక్క నా ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "గిదే రేకు కింద నిలబడ్డ ఆనాడు. పొద్దు గిట్లనే ఎక్కింది. వాడు పొయ్యిండని తెలుసు. బతికిండని తెలుసు. అయినా ఆపిన. ఎనిమిదేండ్లు నా మొకం ఎవలు సూడలే. నువ్వు అచ్చినంకనే గద నేను మన్ను ముట్టిన."

"ఓదెలు బాపు ఈ పాటికి లేచి ఉంటడు అక్కా."

నీడ పందిరి అంచు దాకా జరిగిపోయింది. పోసక్క కళ్లు మూసుకుని బొటనవేలు నొక్కి పట్టింది. తెర ఆరిపోయేదాకా అలాగే పట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. నా పేరో, మొగిలి పేరో.

తలుపు తెరుచుకుంది.

తలుపుగదిలో ఆమె నా వైపు చూడలేదు. లోపలి తలుపు తీయగానే పరుగెత్తాను. సర్వర్ గదిలో ఓదెలు బాపు వంగి ఉన్నాడు, చేయి ప్లగ్గు మీద ఉంది.

"ముట్టుకోకు!"

అంత పెద్దగా నేను ఆయన మీద ఎన్నడూ అరవలేదు. ఆయన ప్లగ్గు వదిలేసి నిటారుగా లేచి నన్ను చూశాడు. రెండో చేతిలో ఫోన్ ఉంది, అందులో పేజీ. నా పేరు పక్కన "లేరు". దగ్గరికొచ్చి నా చెంప తాకి చూశాడు. నేను ఒక్కొక్క తాళం విడిపించాను. అందరూ దిగారు. ఇద్దరు సొమ్మసిల్లారు, తేరుకున్నారు.

లాగ్ 7

లేకుండా పోవడం ఎలా ఉంటుందంటే, పళ్లెం రాదు.

వంటశాలలో వడ్డించే రాజలింగు తెర చూసి, నన్ను చూసి, మళ్ళీ తెర చూశాడు. "నువ్వు లేవు గద. లేనోళ్లకు పెట్టుడు నాకు రాదు."

"లేనిదానికే ఆకలైతున్నది అన్నా. ఏం చేద్దాం?"

"శంకరమ్మ పేరు మీద తిను. ఆమెకు చేతులు మండుతున్నయి, సగమే తింటున్నది." పళ్లెం తోస్తూ గొంతు తగ్గించాడు. "సచ్చినంక కూడ జొన్నరొట్టెనేనా అని అడగకు. మాకు బతికున్నప్పటి సంది అదే."

నవ్వాను. లోపల పొయ్యి దగ్గర పోసక్క నవ్వలేదు. ఆమె నీళ్లకు లేస్తే నడవలో ఇద్దరు గోడవైపు ఒదిగి దారిచ్చారు. మర్యాదకు కాదు. సాయంత్రం జనం తలుపు వైపు వెళ్తుంటే ఆమె పొయ్యి ఊదుతూ కూర్చుంది. అలసంద మొలక మీద నీళ్లు ఎవరు పోస్తారు? లేనివాళ్లకు వాకిలి తెరుచుకోదు. జోడిని ఆపినవాళ్లకూ తెరుచుకోదు.

బండి దారిలో ఉందని మెట్టనుంచి కబురు.

లాగ్ 8

చివరికి మందు చాలా చిన్నది. ప్రతి పేరుకీ పేజీలో ఒక నంబరు ఉంది. ఎవరు ఎవరి ఫోన్ నొక్కినా సరే, ముందు చిన్న నంబరు తాళం, తర్వాతే పెద్ద నంబరు తాళం. జోడి ఇద్దరూ మొదట ఒకే తాళం దగ్గరికి వస్తారు కాబట్టి ఒకరు ఆగుతారు, ఒకరు సాగుతారు. ఎదురెదురుగా బిగుసుకుపోవడం ఉండదు.

ఈసారి కుర్చీలో పరీక్ష చేయలేదు. మధ్యాహ్నం భోజనాల గదిలో ఊరందరినీ జోడీలుగా నిలబెట్టాను. శంకరమ్మ కట్లతో నొక్కలేక మోచేయి పెట్టింది.

"లగ్గంల జీలకర్ర బెల్లం పెట్టుడు లెక్క ఉన్నదే," అన్నాడు లస్మయ్య.

"నీకు మళ్ళ లగ్గం కావాల్నా?" అంది శంకరమ్మ. "ఊకె నొక్కు!"

ఒకటీ, రెండూ, ఊఁ. మళ్ళీ. మళ్ళీ. బొటనవేళ్లు నొప్పెట్టేదాకా నొక్కించాను. సర్వర్ ఒక్కసారి కూడా తడబడలేదు.

అందరూ ఉండగానే ఓదెలు బాపుని అడిగాను, నా పేరు మళ్ళీ రాసుకుంటానని. ఆపిన పేరు తిరిగి రాసిన ఆనవాయితీ లేదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"రాసుకో. నువ్వు అందరి కండ్ల ముందట ఉన్నవు, లేవని ఎట్లంటం? పోసక్క కూడ బయటికి పోతది." ఆగి, అందరికీ వినిపించేలా అన్నాడు. "గాని బిడ్డా, ఒక్కటి యాదికుంచుకో. బండెక్కితే నీ ఫోన్ మళ్ళ ఆమెనే ఆపాలె. ఇగ ఆ పొయ్యి కాడికెల్లి ఆమె లేవది. నేను మాట తప్పుతలేను. వాకిలి మంచిగ చేసినవు, పోతే పో."

బెదిరింపు కాదది. ఉన్నమాటే. అందుకే దాన్ని ఎలా తప్పించుకోవాలో తెలియలేదు. అంతమంది మధ్య పోసక్క నావైపు చూసి, "నాకేం కాదు, పో," అంది. ఆమెకు అబద్ధం చెప్పడం సర్వర్ అంత బాగా రాదు.

లాగ్ 9

బండి వచ్చింది. సాయంత్రం బయల్దేరుతుంది.

పొద్దున్నుంచీ పేజీ ముందు కూర్చున్నాను. లోపల, బయట, లేరు. ప్రోగ్రాం మొదటి గీత నుంచి చివరి గీత దాకా మనిషికి ఈ మూడే గతులు. మొగిలి కొలిమి ఊదుతున్నాడు, "లేరు". వాడికంటే ముందు బండెక్కిన పన్నెండు మందీ "లేరు". తలుపును బాగుచేయడం గురించే ఆలోచిస్తూ వచ్చాను గానీ, బతికి వెళ్లిపోయినవాళ్లను ఏమనాలో ఈ ఊరు దానికి నేర్పనే లేదని ఇవాళే గమనించాను.

మధ్యాహ్నం నాలుగో మాట రాశాను. వెళ్లారు. మూడు మాటలే ఉంటాయనుకుని రాసిన చోట్లన్నీ వెతికి సరిచేశాను. ఒక్కటి తప్పినా తలుపు ఆగిపోతుంది. అయ్యాక ఓదెలు బాపుకి చూపించాను. జోడి పేరు మీద పెట్టి నొక్కితే ఆ మాట పడుతుంది. ఫోన్ ఆపనక్కర్లేదు. తలుపు తెరుచుకుంటుంది.

ఆయన ఆ మాట కూడబలుక్కుని చదివాడు. "గిది పెడితే ఇగ అందరు పోతరే."

"పొయ్యేటోళ్లు ఇంతకుముందు కూడ పోయిన్రు బాపూ. మనం వాళ్లను సంపి పెట్టుకున్నం గంతే."

"వాకిలి మళ్ళ తప్పు చెప్తే?"

"మెట్ట మీదికెల్లి సూస్త. తెర మీద నాకు సదువు చెప్పిన్రు, తెర మీద నేను తలుపు సూడలేనా? నువ్వు ప్లగ్గు ముట్టకపోతే చాలు."

సరే అనలేదు. వద్దనలేదు. లేచి ఫ్యాన్లు చూసొస్తానని వెళ్లాడు. ఆయన్ను ఇంతకన్నా అడగడం న్యాయం కాదనిపించి, ఎక్కించేశాను.

సాయంత్రం బయటికి వచ్చి పోసక్కా నేనూ ఫోన్లు మార్చుకున్నాం. బండి వెనక తలుపు తెరిచి ఉంది. ఆమె బొటనవేలు నా ఫోన్ అంచు మీదికి పోయింది. "ఆపుడేనా?" అంది.

"ఆపొద్దు. నా పేరు మీద వేలు పెట్టు. కింద కొత్త మాట వచ్చింది సూడు."

పొద్దు వెలుగులో తెర సరిగా కనిపించక కొంగు నీడ పట్టి చదివింది. ఒకసారి చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివింది. నొక్కింది. ఇద్దరం ఫోన్ల మీదికి వంగాం. సమత, వెళ్లారు. నా ఫోన్ ఆమె చేతిలో వెలుగుతూనే ఉంది. దాన్ని తిరిగి నాకిచ్చింది. బయట ఎవరి ఫోన్ వాళ్ల చేతికి రావడం నేనెన్నడూ చూడలేదు. తలుపు ఆమె ఒక్కదాని కోసం తెరుచుకుంది. లోపలికి పోతూ వెనక్కి తిరగలేదు. పేజీలో మొగిలి నంబరు ఎక్కడ ఉంటుందని మాత్రం అడిగింది.

లాగ్ 10

ఇది సర్వర్‌లో కాదు, నా ఫోన్‌లో రాస్తున్నాను.

బండి పగలంతా కొండ చరియ కింద ఆగుతుంది. కిటికీ లేని ఇనుపపెట్టె ఇది. బయటనుంచి గడియ వేసి ఉంది. పొద్దు వాలేదాకా తీయనని డ్రైవరు ముందే చెప్పాడు. గనిలోంచి బయల్దేరి ఇంతకంటే చిన్న గదిలో పడ్డాను. పక్కనున్న టవర్ పుణ్యాన పేజీ మాత్రం కనిపిస్తోంది.

మొగిలి, వెళ్లారు. అతని కింద ఇంకో పేరు. ఇంకో పేరు. నేను చూస్తుండగానే మారుతున్నాయి, ఒకదాని మీద ఒకటి, ఎవరో ఊరంతటినీ మళ్ళీ భోజనాల గదిలో నిలబెట్టి నొక్కిస్తున్నట్టు. ఆగిపోతుందేమోనని చూశాను. ఆగలేదు.

తర్వాత పోసక్క పేరు కోసం వెతికాను. "బయట" అని ఉంది. ఒక్కదానికి తలుపు ఎలా తీసింది? ఎక్కడో తప్పు వదిలేశాననుకున్నాను. ఆమె పేరు పక్కన జోడి పేరుండే గడి చూశాను.

ఓదెలు.

ఆయన బయటికి అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు. ఎండ ఎలా ముదురుతుందో ఆయనకు గుర్తుందా? ఈ రేకు లోపలినుంచే నాకు తెలుస్తోంది, చేయి ఆనిస్తే చురుక్కుమంటోంది. మిగతావాళ్ల పేర్లన్నీ జంటలు జంటలుగా "లోపల" అయిపోయాయి. ఆ రెండూ మిగిలాయి. పోసక్క ఆయనతో అలసందకు నీళ్లు పెట్టించుకుంటోందేమో. ఆయన ఆయాసపడి కూర్చున్నాడేమో. నా తాళాలే మళ్ళీ ఎక్కడైనా బిగుసుకున్నాయేమో. ఇక్కడినుంచి లేచి పరుగెత్తడానికి లేదు. తలుపు మీద కొట్టినా తీసేవాళ్లు లేరు. తెర చూస్తూ కూర్చోవడమే.

రెండు పేర్లూ ఒక్కసారే మారాయి. లోపల.